ధర్మకర్తకు అమ్మే హక్కు ఉందా? – ప్రజా క్రీడాప్రాంగణాల విక్రయంపై నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

ప్రజల సొమ్ముతో ఏర్పడిన క్రీడాప్రాంగణాన్ని గాని, క్రీడల కోసం కేటాయించిన భూమిని గాని ప్రైవేటు యజమానులకు అమ్మవచ్చునా అనే ప్రశ్న సాధారణంగా లెక్కల ప్రశ్నగానే చర్చకు వస్తుంది. ఎకరం ధర ఎంత, నిర్వహణకు అయ్యే ఖర్చెంత, వచ్చిన సొమ్ముతో ఏ పనులు చేయవచ్చు అనే అంశాల చుట్టూ వాదప్రతివాదాలు తిరుగుతుంటాయి. ఈ లెక్కలు అవసరమే. కాని వాటికంటె ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. అమ్ముతున్నవారు ఆ ఆస్తికి యజమానులా, సంరక్షకులా? యజమానులైతే మిగిలిన చర్చ అంతా మంచి ధర గురించే. సంరక్షకులైతే మంచి ధర వచ్చినా అమ్మకం తప్పు కావచ్చు.

ఈ వ్యాసం ఆ భేదాన్ని పరిశీలిస్తుంది. ఇందుకు హైదరాబాదులో 2003లో మొదలై 2024లో న్యాయస్థానాలలో ముగిసిన ఐఎంజీ భారత భూముల వ్యవహారాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకొంటుంది. దానిని తూచే తూనికరాళ్లను మాత్రం రాయలసీమ చెరువుల చరిత్ర నుంచి, మన శాసన సాహిత్యం నుంచి గ్రహిస్తుంది. నల్లమాడ పరిసరాలలో కొత్తచెరువు, ఓబుళదేవరచెరువు అని ఊళ్లకే చెరువుల పేర్లున్నాయి. వానను నమ్ముకోలేని ఈ పీఠభూమిలో ఒక తరం కట్టినదాన్ని మరొక తరం కాపాడుకొంటూ రావడం బతుకు అవసరం. కనుక ఉమ్మడి ఆస్తి గురించిన ఆలోచనకు ఈ ప్రాంత చరిత్ర తగిన ఆధారం కాగలదు.

ఐఎంజీ భారత వ్యవహారం

2002 డిసెంబరులో జాతీయ క్రీడలకు, 2003లో ఆఫ్రో–ఆసియా క్రీడలకు హైదరాబాదు ఆతిథ్యమిచ్చింది. గచ్చిబౌలిలో ప్రజాధనంతో పెద్ద క్రీడాప్రాంగణం వెలసింది. 2003 ఆగస్టులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐఎంజీ అకాడమీస్ భారత అనే ప్రైవేటు సంస్థతో అవగాహన ఒప్పందం కుదుర్చుకొంది. ఆ సంస్థ నమోదై అప్పటికి వారం కూడా కాలేదు. అంతర్జాతీయ స్థాయి క్రీడా శిక్షణ కేంద్రాలు నెలకొల్పడం ఒప్పందం లక్ష్యం. ఇందుకోసం కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు, శంషాబాదు వైపున మామిడిపల్లిలో 450 ఎకరాలు ఇవ్వాలని నిర్ణయమైంది. అదే ఏడాది నవంబరులో శాసనసభ రద్దయింది. ఆపద్ధర్మ ప్రభుత్వం నడుస్తున్న 2004 ఫిబ్రవరిలో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలు ఎకరం 50,000 రూపాయల చొప్పున ఆ సంస్థ పేర రిజిస్టరయ్యాయి. అంటే మొత్తం వెల 2 కోట్ల రూపాయలు.

తరువాత వచ్చిన ప్రభుత్వం 2006లో ఈ కేటాయింపును రద్దు చేసింది. 2007లో భూమిని తిరిగి స్వాధీనపరచుకొనేందుకు చట్టం తెచ్చింది. సంస్థ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. 2024 మార్చిలో తెలంగాణ ఉన్నత న్యాయస్థానం ఆ పిటిషనును కొట్టివేసింది. అదే ఏడాది మే నెలలో సర్వోన్నత న్యాయస్థానం కూడా సంస్థ అభ్యర్థనను తిరస్కరించింది.

ఇది కట్టిన స్టేడియం అమ్మకం కాదు, క్రీడల పేరిట జరిగిన భూమి అమ్మకం. అయినా స్టేడియం అమ్మకాలన్నిటిలో వినిపించే సమర్థన ఇందులోనూ ఉంది: ప్రైవేటు యజమాని చేతిలోనే ఆట బాగుపడుతుందని.

కథ 2024తో ముగియకపోవడం మరింత గమనార్హం. న్యాయస్థానంలో గెలిచి తెచ్చుకొన్న ఆ 400 ఎకరాలను పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ద్వారా అభివృద్ధి చేసి వేలం వేయడానికి తెలంగాణ ప్రభుత్వం పూనుకొంది. పక్కనే ఉన్న హైదరాబాదు విశ్వవిద్యాలయ విద్యార్థులు ప్రతిఘటించారు. 2025 ఏప్రిల్ 3న సర్వోన్నత న్యాయస్థానం అక్కడి పనులను నిలిపివేసింది. అమ్మినప్పుడు, రద్దు చేసినప్పుడు, మళ్లీ వేలానికి సిద్ధపడినప్పుడు కూడా ప్రభుత్వాలు చెప్పుకొన్నది ప్రజల పేరే. ఒకే పేరు మూడు పరస్పర విరుద్ధమైన పనులకు సరిపోతున్నప్పుడు ఆ పేరును కొలబద్దగా వాడలేము. ప్రభుత్వ ఆస్తి, ప్రజల ఆస్తి ఒకటేనా అనే ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

యజమాని, ధర్మకర్త, మైనరు

తెలుగులో ‘ధర్మకర్త’ అనే మాట ఈ భేదాన్ని చక్కగా చెబుతుంది. ధర్మకర్త చేతిలో తాళాలుంటాయి, లెక్కలుంటాయి, అధికారం ఉంటుంది. ఆస్తి మాత్రం అతనిది కాదు. దేవుని మాన్యం దేవునిది. మన న్యాయవ్యవస్థ దేవుణ్ణి మైనరుతో పోల్చింది; తన ఆస్తిని తాను కాపాడుకోలేడు కాబట్టి సంరక్షకుడు కావాలంటుంది. ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం (1987) ప్రకారం కమిషనరు ముందస్తు అనుమతి లేకుండా దేవాలయ స్థిరాస్తిని అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. కుటుంబంలోనూ ఇదే నీతి. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం కన్నతండ్రి అయినా న్యాయస్థానం అనుమతి లేనిదే మైనరు బిడ్డ పొలాన్ని అమ్మలేడు. అవసరమో, బిడ్డకు స్పష్టమైన లాభమో ఉన్నదని నిరూపించాలి.

ఇప్పుడు ఆటస్థలాన్ని ఈ వరుసలో నిలిపి చూడాలి. దాని ప్రధాన హక్కుదారులు పిల్లలు. వారు ఉపమానంగా కాక వాస్తవంగానే మైనర్లు. వారికి ఓటు లేదు, కౌన్సిలులో స్థానం లేదు, టెండరు ప్రకటన చదివి అభ్యంతరం తెలిపే శక్తి లేదు. పైగా వారు ఒక తరం కాదు. పదేళ్లకొకసారి మైదానంలోని ముఖాలన్నీ మారిపోతాయి. ఇంకా పుట్టని పిల్లలకూ ఆ మైదానంలో వాటా ఉంది. దేవుని భూమికి, తండ్రి చేతిలోని మైనరు భూమికి ఇంత రక్షణ కల్పించిన సమాజం, మైనర్ల ఉమ్మడి స్థలాన్ని మాత్రం ఒక తీర్మానంతో చేతులు మార్చవచ్చని భావించడంలో వైరుధ్యముంది.

మెజారిటీ ఆమోదిస్తే చాలదా అనే వాదానికి సమాధానం ఇందులోనే ఉంది. తనకు సంబంధించినదానిపైనే మెజారిటీకి పూర్తి అధికారం. పెద్దలు ఓటు వేసి పిల్లల వాటాను అమ్మడం, అన్నదమ్ములలో పెద్దవారంతా కలిసి చిన్నవాడి భాగాన్ని అమ్మడం వంటిదే. అది ఏకగ్రీవమైనా న్యాయం కాజాలదు.

భారత న్యాయస్థానాలు ఈ దిశగా ఆలోచించిన సందర్భాలున్నాయి. బెంగుళూరులో పార్కుకోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించిన వివాదంలో (బెంగుళూరు మెడికల్ ట్రస్టు, 1991) సర్వోన్నత న్యాయస్థానం ఆ కేటాయింపును నిలబడనీయలేదు. ఆసుపత్రి చెడ్డది కాదు. అయినా అందరి ఖాళీస్థలాన్ని ఒకరి వినియోగానికి మళ్లించే అధికారం సంరక్షకులకు లేదన్నది ఆ తీర్పులోని సారం. కమల్‌నాథ్ కేసులో వెలువడిన ప్రజావిశ్వాస సిద్ధాంతం నదులను, అడవులను గురించి చెప్పినదీ ఇటువంటిదే.

చెరువు చెప్పే నీతి

ఈ సిద్ధాంతాన్ని ఆంగ్ల న్యాయశాస్త్రం నుంచి దిగుమతి అయినదిగా భావించడం పరిపాటి. మన శాసనాలు చదివినవారికి అది కొత్త కాదు. తెలుగు సాహిత్య సంప్రదాయం పుత్రుడు, తటాకం, కావ్యం, దేవాలయం, వనం, నిధి, అగ్రహారం అనే ఏడింటిని సప్తసంతానాలుగా లెక్కించింది. చెరువును సంతానంగా పేర్కొనడంలోనే దానికి కట్టినవాని ఆయుష్షును మించిన జీవితం ఉంటుందనే గ్రహింపు ఉంది. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను వివరిస్తుంది. నిర్మాణాన్ని ఇంత శ్రద్ధగా చెప్పడం, రాబోయే తరాలను దృష్టిలో ఉంచుకొన్నవారి పని.

దానశాసనాల చివర కనిపించే శాపశ్లోకాలు ఇంకా ముఖ్యమైనవి. తాను ఇచ్చినదైనా, ఇతరులు ఇచ్చినదైనా భూమిని అపహరించినవానికి ఘోరమైన గతిని అవి చెబుతాయి. దానం చేయడం కంటె, ఇతరుల దానాన్ని పాలించడమే గొప్పదని కూడా చెబుతాయి. ఈ మాటలు ఎవరిని ఉద్దేశించినవి? సామాన్య దొంగను కాదు, రాబోయే రాజును. సింహాసనం దక్కినంత మాత్రాన ముందువారు ధర్మానికి విడిచినదంతా నీ సొత్తు కాదని చేసే హెచ్చరిక అది. నేటి భాషలో చెప్పాలంటే, ఎన్నికలో గెలిచిన కౌన్సిలుకు ఆస్తుల నిర్వహణ వారసత్వంగా వస్తుంది, ఆస్తి రాదు.

రాయలసీమలోని దశబంధం ఇనాముల పద్ధతి మరొక మెట్టు పైది. చెరువు కట్టినవానికో, మరమ్మతులు చూసేవానికో కొంత భూమిని అనుభవించే హక్కు ఇచ్చేవారు. ప్రైవేటు వ్యక్తి శ్రమ, పెట్టుబడి ప్రజోపయోగానికి పనికి వస్తాయని ఆ పద్ధతి గుర్తించింది. అయితే అనుభవం సేవకు కట్టుబడినది. చెరువు బాగోగులు చూడడమే ఆ హక్కుకు ఆధారం. పైగా ప్రతిఫలంగా ఇచ్చింది ఆయకట్టులోని భూమిని. చెరువును ఇవ్వలేదు. గచ్చిబౌలి ఒప్పందంలో లోపించిన వివేకం ఇదే.

అయితే గతాన్ని పూర్తిగా ఆదర్శంగా చిత్రించడం పొరపాటు. ఆ దానాల ఫలం అందరికీ అందలేదు. అగ్రహారం అందరిదీ కాదు. అదే చెరువు నీళ్లు ముట్టుకోవడానికి దళితులు తరతరాలు పోరాడవలసి వచ్చింది. నేటి మైదానాలు కూడా పేరుకు అందరివైనా, అమ్మాయిలు ధైర్యంగా అడుగుపెట్టగలిగినవి తక్కువ. కాబట్టి సంప్రదాయం నుంచి గ్రహించవలసింది సంరక్షకుని బాధ్యతను మాత్రమే. హక్కుదారులెవరన్నది రాజ్యాంగం నిర్ణయించాలి. సమాజ భౌతిక వనరులు ఉమ్మడి మేలుకు ఉపకరించేలా పంపిణీ కావాలని 39వ అధికరణం ఆదేశిస్తున్నది.

ప్రతివాదాలు

మొదటి ప్రతివాదం నిర్వహణకు సంబంధించినది. ప్రభుత్వ స్టేడియంలకు తాళాలు పడుతున్నాయి, గ్యాలరీలు పగుళ్లిస్తున్నాయి, ప్రైవేటు చేతులలోనే ఆట బతుకుతుందని అంటారు. ఇందులో సత్యముంది. అనంతపురంలోనే దీనికి ఉదాహరణ ఉంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ప్రారంభించిన గ్రామీణాభివృద్ధి సంస్థ క్రీడాగ్రామం ప్రభుత్వానిది కాదు. అయినా పల్లె పిల్లలకు ఆ మైదానాలు అందుతున్నాయి, 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లూ అక్కడ జరిగాయి. 2003లోనే, గచ్చిబౌలిలోనే, పుల్లెల గోపీచంద్ అకాడమీకి ప్రభుత్వం 5 ఎకరాలు లీజుకిచ్చింది. 2012లో సైనా నెహ్వాల్ కాంస్యం, 2016లో పి.వి. సింధు రజతం ఆ అకాడమీ శిక్షణ ఫలాలే. అయితే ఈ ఉదాహరణలు ప్రైవేటు నిర్వహణకు అనుకూలమే గాని విక్రయానికి కావు. ఒకే ఏడాది, ఒకే ఊరిలో చేసిన రెండు ఏర్పాట్లలో అయిదెకరాల లీజు పతకాలు తెచ్చింది. నాలుగు వందల ఎకరాల అమ్మకం ఇరవై ఏళ్ల వ్యాజ్యం తెచ్చింది.

లీజు అనే మాట కూడా దానంతటదే రక్ష కాదు. ఇంగ్లండులోని కోవెంట్రీ నగర కౌన్సిలుకు, ఒక ధర్మసంస్థకు చెందిన స్టేడియం సంస్థను 2014లో వాస్ప్స్ అనే రగ్బీ క్లబ్బు కొన్నది. లీజు 250 సంవత్సరాలకు పొడిగించబడింది. ఎనిమిదేళ్లకు క్లబ్బు దివాలా ప్రక్రియలోకి వెళ్లగా, స్టేడియం మరో వ్యాపార సంస్థ చేతికి పోయింది. పది తరాల లీజుకు, అమ్మకానికి మధ్య మిగిలేది కాగితం మీది భేదమే.

రెండవ ప్రతివాదం మరింత బరువైనది. తాగునీటికే ఇబ్బందిపడే ప్రాంతంలో ఆటస్థలం విలాసం కాదా? దానిని అమ్మి నీటి పథకం చేపడితే తప్పేమిటి? ఆకలి, దాహం ముందు ఆట చిన్నదే. ఈ మాటను తేలికగా కొట్టివేయలేము. కాని రెండు విషయాలు ఆలోచించాలి. నీటి అవసరం ఏటేటా వచ్చేది. అమ్మకపు సొమ్ము ఒకేసారి వచ్చేది. సొమ్ము ఖర్చయ్యాక దాహం మిగులుతుంది, మైదానం మిగలదు. ఇక ఈ త్యాగం ఎవరిది? సొంత మైదానాలున్న బడులలో చదివే పిల్లలు దీనివల్ల ఏమీ కోల్పోరు. పల్లెలో ఆటస్థలమంటే తరచు ప్రభుత్వ పాఠశాల ఆవరణ, లేదా నూర్పిళ్లు అయ్యాక ఖాళీ అయిన కళ్లం. పంచాయతీరాజ్ చట్టం (1994) పంచాయతీకి దఖలుపరచిన పోరంబోకుల జాబితాలో కళ్లాలు, పశువుల బీళ్లు, శ్మశానాలు, తోపులు ఉన్నాయి. ఆటస్థలాన్ని విడిగా పేర్కొనలేదు. పేరు లేనిది ముందుగా పోతుంది. పేదల దాహం తీర్చడానికి పేద పిల్లల మైదానాన్నే వెలగా అడగడం, ఉన్నవారి పన్నును అడగలేని పాలన ఎంచుకొనే సులభమార్గం.

ఉపసంహారం

పై చర్చనుబట్టి ఏ క్రీడాప్రాంగణ బదిలీనైనా పరీక్షించడానికి నాలుగు ప్రశ్నలు ఏర్పడుతున్నాయి. బదిలీ తరువాత కూడా రుసుము చెల్లించలేని పిల్లవాడు అక్కడ ఆడగలడా? బాధ్యత తప్పినప్పుడు ఆస్తి ఒక తరం లోపల వెనక్కి వచ్చే మార్గముందా? ప్రజల మాట విని, పోటీ వేలంలో, పూర్తి అధికారమున్న ప్రభుత్వమే నిర్ణయం చేసిందా? వచ్చిన సొమ్ము అదే హక్కుదారులకు అంతకంటె మంచి ఆటస్థలాన్ని ఇస్తుందా? 2004 నాటి రిజిస్ట్రేషను ఈ నాలుగింటిలో దేనికీ తృప్తికరమైన సమాధానం ఇవ్వలేదు. లీజుకిచ్చిన అయిదెకరాల విషయంలో కనీసం రెండవదానికి సమాధానముంది: లీజు గడువు ఉన్నది.

ధర్మకర్తకు మార్చే అధికారముంది, అప్పగించే అధికారముంది, షరతులు విధించే అధికారమూ ఉంది. హక్కుదారులను శాశ్వతంగా బయటకు పంపే అధికారం లేదు. 400 ఎకరాలకు 2 కోట్లు రావడం ఐఎంజీ భారత వ్యవహారంలో అందరి కంటా పడిన అన్యాయం. 200 కోట్లు వచ్చినా ఈ మౌలికమైన ప్రశ్న అలాగే ఉండేది. తక్కువ ధరను మాత్రమే తప్పుపట్టే విమర్శ, ఎక్కువ ధర రాగానే మౌనం వహించవలసి వస్తుంది. 2025లో వేలం ప్రతిపాదన వచ్చినప్పుడు విద్యార్థులు ధర గురించి అడగలేదు. అమ్మడానికి మీరెవరని అడిగారు. మన శాసనకర్తలు రాబోయే రాజులను అడిగినదీ అదే.