అడగని రొట్టె

మొక్కు తీర్చకపోతే దేవుడికి కోపం వస్తుందని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. దేవుడే మాట తప్పితే మనం కోప్పడవచ్చునా అన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. పసుపు గుడ్డలో రూపాయి ముడుపు కట్టి, "ఈ పని కానియ్యి స్వామీ, నీ కొండకొస్తాను" అంటాం. పనయితే ప్రయాణం, కాకపోతే ముడుపు దేవుడి మూలనే ఉంటుంది. ఇది భక్తా, బేరమా అని నాకెప్పుడూ అనుమానమే.

మా నెల్లూరులో స్వర్ణాల చెరువు ఒడ్డున, బారాషహీద్ దర్గా దగ్గర, మొహర్రం నెలలో రొట్టెల పండగ జరుగుతుంది. కోరిక ఉన్నవాళ్ళు చెరువులో దిగి, కొంగు తలమీద కప్పుకుని, అదే కోరిక తీరినవాళ్ళ చేతి నుంచి రొట్టె పుచ్చుకుని తింటారు. తమకూ తీరితే మరుసటేడు రొట్టెలు తెచ్చి పంచుతారు. సంతాన రొట్టె, చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగ రొట్టె, సొంతింటి రొట్టె. ఈ మధ్య వీసా రొట్టె కూడా వచ్చిందిలెండి! నీళ్ళలో నిలబడ్డాక కులమూ మతమూ ఎవరూ అడగరు. "ఏ రొట్టెమ్మా?" అన్నదొక్కటే ప్రశ్న. దేవుడు మాట నిలబెట్టుకున్నాడనడానికి సాక్ష్యం, ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలోని ఆ రొట్టె ముక్కే. దాన్ని బేరం అనడానికి నాకు నోరు రాలేదు.

కానీ కోరిక తీరనివాళ్ళ మాటేమిటి? తీరినవాళ్ళు రొట్టెతో కనబడతారు. తీరనివాళ్ళు మళ్ళీ అడిగేవాళ్ళలో కలిసిపోతారు. లెక్క చూస్తే ఎప్పుడూ దేవుడి వైపే మొగ్గుతుంది మరి!

మా పిన్ని వరసగా మూడేళ్ళు సంతాన రొట్టె తిన్నది. కడుపు పండలేదు. నాలుగో ఏడు, అంటే 1988లో, పండగ నాడు పొద్దున్నే గోధుమపిండి కలుపుతూ కూర్చుంది. "ఆయన నీకేమిచ్చాడని పంచడానికి పోతున్నావు పిన్నీ?" అన్నాను. కాలేజీ చదువు పొగరు, ఏం చేస్తాం.

ఆవిడ కోప్పడలేదు. "ఆరోగ్య రొట్టె పంచుతానే. మీ బాబాయి నిరుడు మంచాన పడి లేచినాడు గదా. అప్పుడు నేను మొక్కుకోను గూడా లేదు. నా ధ్యాసంతా బిడ్డ మీదనే. అడగంది ఇచ్చినప్పుడు రొట్టె పెట్టక్కర్లేదా?"

"పుచ్చుకోని రొట్టె ఇవ్వకూడదేమో" అన్నాను. "ఆయన గూడా అడగకుండానే ఇచ్చినాడు గదా" అంది.

అడిగింది ఇస్తే మాట నిలబెట్టుకున్నట్టు. అడగంది ఇస్తే దాన్నే దయ అంటారు కాబోలు. మన ముడుపుల లెక్కలో దానికి చోటే లేదు. ఆ దర్గా గురించి చెప్పుకునే కథలోనూ అంతే. జబ్బుపడిన నవాబు భార్యకు అక్కడి మట్టి మందవుతుందన్న కల, అక్కడ ఏమీ కోరుకోని చాకలి దంపతులకు వచ్చిందట.

అయితే నేనంత తొందరగా ఒప్పుకునే రకం కాదు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫానును మాత్రం ఎవరడిగారు? సముద్రం ఇచ్చే చేపా అడగనిదే, లాక్కుపోయే పడవా అడగనిదే. ఇల్లూ వలా పోగొట్టుకున్న మనిషి దాన్ని ఏ పద్దు కింద రాసుకోవాలి? పిన్నిని అదే అడిగాను.

ఆవిడ చాలాసేపు పెనం వైపే చూసింది. "నాకు తెలీదే అమ్మాయ్. నేను మొదటి రొట్టె తిన్నది ఆ మరుసటేడే. సముద్రం వైపు ఊళ్ళ నించి గూడా జనం వచ్చినారు. ఇచ్చేదానికి వచ్చినారో, పుచ్చుకునేదానికి వచ్చినారో నేను అడగలా. అట్ల కాడ ఇటియ్యి, మాడిపోతా ఉంది."

చెరువు దగ్గరికి నేనూ వెళ్ళాను. పిన్ని తెచ్చిన రొట్టెలన్నీ అరగంటలో పంచేసింది. చేతులు కడుక్కుని, కొంగు తలమీదికి సర్దుకుని, ఆ నీళ్ళలోనే నడుచుకుంటూ సంతాన రొట్టెలవాళ్ళ వైపు వెళ్ళింది.