ఉపవాసం, పస్తు

ఏకాదశి వీడియో కింద ఎక్కువమంది అడిగింది ఒకటే: "అన్నా, ఉపవాసంలో కాఫీ తాగొచ్చా?"

ఆ మాటలో అసలు తిండి ఊసే లేదండి. ఉప అంటే దగ్గర, వస్ ధాతువుకి అర్థం ఉండటం. దేవుడి దగ్గర ఉండటమే ఉపవాసం. శ్రీనివాసుడి పేరులో ఉన్నదీ ఆ వాసమే.

ఇంగ్లీషులో డ్వెల్ అంటే నివసించడం. 'డ్వెల్ ఆన్' అంటే మాత్రం మనసు ఒకే విషయాన్ని పట్టుకుని వేలాడటం. పాత ఇంగ్లీషులో అయితే ఆ మాటకి దారి తప్పించడం, ఆలస్యం చేయడం అని అర్థం. ఆగడం, నివసించడం తర్వాత వచ్చాయి. పోయినేడు నా ఏకాదశి అచ్చం ఇదే. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్లే, మనసు కాపురం మాత్రం అప్రైజల్ మెయిల్ దగ్గర!

ఆ రాత్రి నూజివీడు ఫోన్ చేశాను. చిన్న రసాలు కోతకొచ్చే రోజుల్లో నాన్న తోటలోనే మంచం వేసుకుంటారు.

"ఇంటికెళ్లి పడుకో నాన్నా. గాలివానొస్తే నువ్వు ఆపగలవా?"

"ఆపలేను రా. అయినా ఉండాలిగా."

నాకు మాట రాలేదు. కాయ రాలినా నిలిచినా ఆయన అక్కడే ఉంటారు. నేనేమో ప్రమోషన్ ఇస్తేనే దేవుడి దగ్గర కూర్చునే రకం.

మొన్న వైశాఖ ఏకాదశికి సెలవు పెట్టి బస్సెక్కాను. నాన్న తన పక్కనే ఇంకో మంచం వాల్చారు. ఫోన్ ఇంట్లో వదిలేశాను. చీకటి పడ్డాక ఇద్దరం గోవింద నామాలు చెప్పుకున్నాం. మధ్యలో గాలి లేచింది. నాన్న ఒక్కసారి చెట్ల వైపు చూసి, మళ్లీ నామం అందుకున్నారు.