యిర్మీయా పలికిన ఆమేన్

ధ్యానభాగము: యిర్మీయా 28వ అధ్యాయము



“దేవుడు నాతో చెప్పెను” అను మాట మన గ్రామములలో తరచుగా వినబడుచున్నది. ఉపవాస కూటములలోను, ఇంటి ప్రార్థనలలోను, టెలివిజనులోను, చేతిలోని ఫోనులోను వినబడుచున్నది. ఇది మిక్కిలి బరువైన మాట. మనిషి తన మాటగా చెప్పినయెడల మనము విని ఆలోచించుకొందుము. దేవుని మాటగా చెప్పినయెడల ఇక ఆలోచింపనక్కరలేదని తల వంచుదుము. కాబట్టి మన కోరికకును దేవుని స్వరమునకును గల భేదమును ప్రతి విశ్వాసియు తెలిసికొనవలెను.

యూదా రాజైన సిద్కియా ఏలుబడిలో నాలుగవ సంవత్సరము ఐదవ నెలలో, యెరూషలేము మందిరమునందు ఇద్దరు ప్రవక్తలు ఎదురుపడిరి. దానికి కొన్ని ఏండ్ల ముందు, క్రీ.పూ. 597లో, బబులోను రాజు వచ్చి రాజైన యెకొన్యాను, అధిపతులను, పనివాండ్రను చెరపట్టుకొనిపోయెను. మందిరపు ఉపకరణములను కూడ తీసికొనిపోయెను. మనవారు ఎప్పుడు తిరిగివత్తురని జనులు కన్నీళ్లతో ఎదురుచూచుచుండిరి. అట్టివారి మధ్య గిబియోనువాడైన హనన్యా నిలిచి, రెండు సంవత్సరములలోగా ఉపకరణములును చెరపోయినవారును తిరిగివత్తురని యెహోవా నామమున ప్రకటించెను.

అప్పుడు మెడమీద కొయ్య కాడి ధరించుకొనియున్న యిర్మీయా ఏమి చేసెను? మనము ఎదురుచూడని రీతిగా ఆయన ఆమేన్ అనెను. దేవుడు ఆలాగే చేయునుగాక అని కోరెను (6వ వచనము). ఇది ఎగతాళి అని కొందరు తలంతురు. అయితే తన జనుల కొరకు రాత్రింబగళ్లు ఏడ్చిన ప్రవక్త మనస్సు ఎరిగినవారికి అది నిజమైన ఆశగానే తోచును. చెరపోయినవారు తిరిగివచ్చుట హనన్యాకంటె యిర్మీయాకే ఎక్కువ ఇష్టము. అయినను దేవుడు ఆయనకు డెబ్బది సంవత్సరములని తెలియజేసియుండెను (25:11). తన కోరిక రెండు సంవత్సరములు అనుచున్నది, వాక్యము డెబ్బది అనుచున్నది. ఆయన కోరికకు ఆమేన్ చెప్పెను గాని దానిని వాక్యముగా చెప్పలేదు.

ఈ అధ్యాయము మనకు నేర్పు పాఠము ఇదే: కోరికను ప్రార్థనగా దేవునికి చెప్పుకొనవచ్చును, దానినే ప్రవచనముగా ప్రజలకు చెప్పరాదు.

కోరిక యుండుట పాపము కాదు. బిడ్డకు పెండ్లి కావలెనని, పొగాకుకు మంచి ధర రావలెనని, కువైటుకు వెళ్లిన కుమారుడు క్షేమముగా నుండవలెనని కోరుట దేవునికి విరోధము కాదు. అయితే కోరిక బలమైన కొలది, అది మన చెవిలో దేవుని స్వరమువలె మ్రోగును. హనన్యా లంచము పుచ్చుకొనినట్లు లేఖనము చెప్పదు. దేవుడు అతని పంపలేదనియు, అతడు ప్రజలను అబద్ధమును నమ్మునట్లు చేసెననియు చెప్పుచున్నది (15వ వచనము). అతని ప్రవచనము దేశమంతయు వినగోరుచున్న మాటయే. ఆ యేడే ఏడవ నెలలో హనన్యా చనిపోయెను. క్రీ.పూ. 586లో యెరూషలేము కాలిపోయెను. రెండేండ్ల మాటను నమ్మినవారు ఆ దినమునకు సిద్ధపడియుండలేదు.

మంచివారికిని ఈ పొరపాటు కలుగును. దావీదు మందిరము కట్టగోరినప్పుడు నాతాను ప్రవక్త, నీ మనస్సులో నున్నదంతయు చేయుమని వెంటనే చెప్పెను. ఆ రాత్రియే దేవుడు అతనిని సరిదిద్దెను (2 సమూయేలు 7:3–5). అడిగినవాడు మంచివాడు, చెప్పినవాడు నిజమైన ప్రవక్త, కోరిక పరిశుద్ధమైనది. అయినను ఆ మాట దేవునిది కాదు. నాతాను మరునాడు రాజునొద్దకు మరల వెళ్లి మాట మార్చి చెప్పుటకు సిగ్గుపడలేదు. అది అతని గొప్పతనము.

మన తెలుగు సంఘములోను ఇట్టి పరీక్ష కలిగినది. అమెరికన్ బాప్టిస్టు మిషనెరీయైన జాన్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు చేరిరి. అగ్రకులస్థులు కొందరు ఆయనతో స్నేహముగా నుండి తమ పిల్లలను బడికి పంపిరి. పెద్ద కులములవారు ముందుగా వచ్చినయెడల సువార్త త్వరగా వ్యాపించునను ఆశ ఆ కాలపు మిషనెరీలలో అనేకులకు కలదు. అంతలో యెర్రగుంట్ల పేరయ్యగారు మొదలైన మాదిగ సహోదరులు ప్రభువును నమ్మి వచ్చిరి. వీరిని చేర్చుకొనినయెడల మేము రామని కులస్థులు చెప్పిరి. దొరగారు ఒక గదిలోను దొరసానిగారు వేరొక గదిలోను, ఒకరి సంగతి ఒకరికి తెలియకయే లేఖనము తెరవగా, ఇద్దరికిని ఒకే భాగము కనబడెనని ఆయన చరిత్ర చెప్పుచున్నది: కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 1వ అధ్యాయము, 26 మొదలు 29 వరకు. లోకములో ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకొనెనను భాగమది. వారు దానికి లోబడిరి. కులస్థుల పిల్లలు బడి విడిచిపోయిరి.

ప్రియులారా, ఈ సంగతి విని గ్రుడ్డిగా బైబిలు తెరచి చీటి తీసినట్లు వచనము తీయుట నేర్చుకొనవద్దు. ఆ మాట దేవునిదని ఎట్లు తెలిసెను? అది లేఖనమంతటితో ఏకీభవించెను. వారి ఆశకు ఎదురు నిలిచెను. దానికి లోబడుటవలన కలిగిన నష్టమును వారే భరించిరి.

మరియు 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చెను. క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పని ఒప్పుకొని ఆకలిగొనినవారికి కూలి దొరుకునట్లు చేసిరి. అనేకులు బాప్తిస్మము అడిగిరి. జనులు వచ్చుచున్నారు గనుక ఇది దేవుని కార్యమేయని వెంటనే ఇచ్చివేయవచ్చును. ఆయన ఇవ్వక, అన్నముకొరకు వచ్చినవారెవరో ప్రభువుకొరకు వచ్చినవారెవరో తేటపడువరకు ఒక సంవత్సరమునకు పైగా నిలిపివేసిరి. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒక్క దినమున బాప్తిస్మము పొందిరి. దేవుని కార్యము కనిపెట్టుటవలన చెడిపోదు. రైతు విత్తనములు చల్లకమునుపు గుప్పెడు గింజలను తడిగుడ్డలో మూటకట్టి మొలక చూచును. మంచి విత్తనమునకు ఆ పరీక్షవలన నష్టమేమి?

ఇప్పుడు మన ఇండ్ల సంగతి చూతము. క్షయరోగికి వైద్యులు ఆరు నెలలు మందు మ్రింగమందురు. రెండు నెలలకే దగ్గు తగ్గును. అప్పుడొకరు వచ్చి, ప్రభువు నిన్ను బాగుచేసెనట, మాత్రలు పారవేయుమని ప్రవచించినయెడల, రోగము మరల తిరుగబడును. ముందు మందునకు లొంగకయు పోవచ్చును. ప్రభువైన యేసు కుష్ఠరోగిని శుద్ధునిగా చేసి, వెళ్లి యాజకునికి కనుపరచుకొమ్మనెను (మార్కు 1:44). నిజమైన స్వస్థత పరీక్షకు భయపడదు. వైద్యుడు చాలుననువరకు మందు మానవద్దు.

పెండ్లి విషయములోను ఈలాగే. ఈ అమ్మాయిని దేవుడు నాకు చూపించెనని ఒకడు చెప్పినయెడల, ఆ చిన్నది కాదనుటకు నోరెక్కడిది? కాదన్నచో దేవునికే ఎదురు చెప్పినట్లగునని తల్లిదండ్రులు బెదరుదురు. అయితే అబ్రాహాము దాసుడు బావియొద్ద తేటయైన గురుతు పొందిన తరువాతకూడ, ఇంటివారు రిబ్కాను పిలిచి, వెళ్లెదవా అని ఆమె నోటనే అడిగిరి (ఆదికాండము 24:57–58). దేవుడు ఒకరికి చెప్పినది మరియొకరి నోరు మూయుటకు కాదు.

కాబట్టి ఎవరైనను ప్రవచనము తెచ్చినప్పుడు మూడు సంగతులు చూడుడి. మొదటిది, అది లేఖనముతో ఏకీభవించుచున్నదా? రెండవది, దానివలన లాభమెవరికి, నష్టమెవరికి? డబ్బుకొరకు సోదె చెప్పు ప్రవక్తలను మీకా గద్దించెను (3:11). మూడవది, చెప్పినవాడు సంఘపెద్దల విచారణకు లోబడునా, కనిపెట్టనిచ్చునా? ప్రవక్తలు మాటలాడినప్పుడు తక్కినవారు వివేచింపవలెనని పౌలు నియమించెను (1 కొరింథీ 14:29). పొలము అమ్ముమని, మందు మానుమని, నేడే ఒప్పుకొనుమని తొందరపెట్టు మాటను పెద్దలయొద్దకు తెండి. హనన్యా కాడిని విరిచినప్పుడు యిర్మీయా బదులాడక తన త్రోవను వెళ్లిపోయెను (11వ వచనము). మాట వచ్చినప్పుడే తిరిగివచ్చెను. మరియొక సమయమున పది దినములు కనిపెట్టెను (42:7). మనము పది దినములైనను ఆగలేమా?

ప్రవచనమును తృణీకరింపుడని నేను చెప్పుటలేదు. తృణీకరింపవద్దనిన అపొస్తలుడే సమస్తమును పరీక్షింపుమనెను (1 థెస్సలొనీక 5:20–21). రెండును కలిసియే యున్నవి.

గెత్సేమనే తోటలో మన ప్రభువు తన కోరికను దాచలేదు. గిన్నె తొలగవలెనని తండ్రిని వేడుకొనెను. దానిని తండ్రి చిత్తమని శిష్యులకు చెప్పలేదు. తండ్రి చిత్తమునకే తన్నుతాను అప్పగించుకొనెను. ఈ నెలలో మీ ప్రార్థనలలో మీ కోరికను ఉన్నదున్నట్లు ఆయనకు చెప్పుడి. అది మీ కోరికయే అని చెప్పుడి. తరువాత మౌనముగా నుండి వాక్యము చదువుడి. ఆయన ఔనన్నను కాదన్నను ఆమేన్ చెప్పగల హృదయమును ప్రభువు మనకందరికి దయచేయునుగాక. ఆమేన్.