కరవునాటి నీరు: వెలయా, వాటాయా?

నీరు పుష్కలముగా నున్న దినములలో దానిని గూర్చిన ధర్మవిచారము ఎవరికిని తోచదు. ఒకడు ఎంత వాడుకొనినను ప్రక్కవాడు అడుగడు. జలాశయము అడుగంటినపుడే ప్రశ్న పుట్టును. ఉన్న కొద్ది నీటిలో ఎవరు ఎంత తగ్గించుకొనవలెను? వెల చెల్లింపగలిగినవానికి అధికముగా వాడుకొను హక్కు కలదా? ఇది కేవలము పండితచర్చ కాదు. నీటి సరఫరా సంస్థలు ఉత్తరువుల రూపమున దీనికి సమాధానము చెప్పవలసి వచ్చినది. చెప్పునపుడు తడబడినవి కూడ.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున నీటి పంపిణీ కొఱకే ఏర్పడిన స్థానిక సంస్థలు కలవు. వానిని నీటి జిల్లాలందురు. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతమునకు తూర్పుననున్న ఈస్ట్ బే జిల్లా అట్టిది. 1923లో ఏర్పడిన ఈ సంస్థ పాలకులను ఓటర్లే ఎన్నుకొందురు. సియెర్రా నెవాడా పర్వతములలో పుట్టిన మొకలమి నది నీటిని ఓక్లండ్, బర్క్‌లీ మొదలగు పట్టణములలోని సుమారు 14 లక్షల మందికి ఇది అందించుచున్నది.

2012లో ఆరంభమైన అనావృష్టి 2015 నాటికి మిక్కిలి తీవ్రమయ్యెను. ఆ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన గవర్నరు జెర్రీ బ్రౌన్, పట్టణముల వాడుకను 2013 నాటి దానికంటె 25 శాతము తగ్గింపవలెనని ఆజ్ఞాపించెను. అందరికిని ఒకే శాతమనినచో చూపునకు సమానముగానే యుండును. కాని పచ్చిక తోటలకు నీరు ధారవోయుచున్న ఊరు నాలుగవ వంతు వదలుకొనుట యొకటి. ఇదివఱకే పొదుపుగా బ్రతుకుచున్న ఊరు అంతే వదలుకొనుట మఱియొకటి. మొదటిది పచ్చదనమును, రెండవది స్నానమును కోల్పోవును. పైగా నిన్నటి పొదుపే నేటి శిక్షయగును. రాష్ట్ర జలమండలి ఈ చిక్కును గ్రహించి, తలసరి వాడుకను బట్టి 4 శాతము మొదలు 36 శాతము వఱకు వేర్వేరు తగ్గింపులు నిర్ణయించెను. ఈస్ట్ బేకు వచ్చినది 16 శాతము. ఇది మెచ్చదగిన పనియే. అయినను ఇది ఊరికిని ఊరికిని నడుమ న్యాయము. ఇంటికిని ఇంటికిని నడుమ కాదు.

ఇండ్ల సంగతిని జిల్లాయే చూచుకొనవలసి వచ్చెను. ఒక గృహము రోజుకు సగటున 984 గ్యాలన్లు, అనగా సుమారు 3,700 లీటర్లు దాటినచో జరిమానా యని శాసనము చేసెను. దాటిన ప్రతి 748 గ్యాలన్లకు 2 డాలర్లు. అనగా 2,800 లీటర్ల అధికపు నీటికి నాటి మారకమున నూటముప్పది రూపాయలు! రోజుకు 12,000 గ్యాలన్లకు పైగా వాడిన గృహమొకటి బయటపడెను. ఈ లెక్కన ఆ యింటికి రెండు నెలల జరిమానా సుమారు 1,800 డాలర్లు. అంతటి తోట గల యజమానికి అది తోటమాలి జీతము వంటిది. చెల్లించి నిశ్చింతగా నుండవచ్చును. అపరాధమును ఆపవలసిన జరిమానా అపరాధమునకు వెలగా మాఱినది.

ఇచ్చట సాధారణముగా వినవచ్చు వాదము: ‘డబ్బు నాది, చెల్లించితిని, మీకేమి?’ కాయకమున ఆర్జించిన ధనమునకు అతడు యజమాని యగుగాక. ఆ కొండలపై కురిసిన మంచును ఎవరు ఆర్జించిరి? అతడు చెల్లించినది గొట్టములకును, శుద్ధిచేయు యంత్రములకును కూలి మాత్రమే. కరవునాట ఆ కూలి రెండింతలిచ్చినను, ప్రక్కింటికి చేరవలసిన నీరు తిరిగి రాదు.

జరిమానా చాలదని ఎఱిగియే కాబోలు, జిల్లా మఱియొక మార్గమును కూడ పట్టెను. 2015 అక్టోబరులో, హద్దు మీఱినవారి పేర్లను వాడుక లెక్కలతోసహా బయటపెట్టెను. ధనమునకు లొంగనివాడు సిగ్గునకు లొంగవచ్చును. కాని ఇందులో ఒక అన్యాయము పొంచియున్నది. భూమిలో పగిలిన గొట్టము నుండి నీరు కారిపోవుచున్న సంగతి ఇంటివానికే తెలియకపోవచ్చును. మీటరు అంకె చూపును గాని మనస్సును చూపదు. అతనికిని, తెలిసి వృథాచేసినవానికిని ఒకే పట్టికలో చోటిచ్చుట న్యాయమనిపించుకొనదు.

వెలను కాక మనిషికింతయను వాటాను ముందుంచిన నగరము దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్. అచ్చట 2018 ఫిబ్రవరి 1 నుండి మనిషికి రోజుకు 50 లీటర్లు మాత్రమే వాడవలెనని విధించిరి. న్యాయబుద్ధితో చూచినచో ఇదే సరియైన మొదలు. అధికముగా వాడిన ఇండ్లకు, రోజుకు నిర్ణీతమైన పరిమాణము పూర్తికాగానే నీటిని ఆపివేయు పరికరములను కూడ బిగించిరి. కాని వాటా తలకు చెప్పబడినది, పరికరము ఇంటికి బిగింపబడినది. పెరటి పాకలలో అద్దెకున్న కుటుంబములన్నియు ఒకే కుళాయిపై ఆధారపడిన చోట్ల బీదవారే ముందుగా ఇక్కట్లపాలైరి. తలలు లెక్కింపని సమానత్వము ఎవరిని ముంచునో అచ్చట కనబడినది.

ఆ నెలలోనే గ్రోన్‌లాండ్ ప్రాంతపు రైతులు, తమకు మిగిలియున్న నీటిలో 1,000 కోట్ల లీటర్లను వెల అడుగక నగరమునకు వదలిరి. ఇంత నాదని తెలిసినవాడే ఇంత నీకని ఈయగలడు. వెల చెల్లించి ఎంతైనను తోడుకొనవచ్చునను చోట ఇట్టి త్యాగమునకు తావెక్కడ?

2022 నాటికి కాలిఫోర్నియా మరల కరవులో చిక్కియుండెను. ఈస్ట్ బే జిల్లా పాత శాసనమునే బయటకు తీసెను. హద్దు మాత్రము ఈసారి రోజుకు 1,646 గ్యాలన్లు. జరిమానా ఆ 2 డాలర్లే.