గడువు పొడిగించుకోవడం దొంగతనమా?



అస్తేయం అంటే దొంగతనం చేయకపోవడం. పతంజలి యోగసూత్రాల్లో చెప్పిన ఐదు యమాల్లో ఇది మూడోది. పక్కవాడి పర్సు కొట్టేయడం తప్పని చిన్నపిల్లలకి కూడా తెలుసు. కానీ కంటికి కనిపించని వస్తువు దగ్గరకొచ్చేసరికి మన లెక్క మారిపోతుంది. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి అక్కడి ఉదాహరణే చెప్తాను.

2009లో వచ్చిన విండోస్ 7ని ప్రొడక్ట్ కీ లేకుండా 30 రోజులు వాడుకోవచ్చు. అందులోనే రీఆర్మ్ అనే కమాండ్ ఒకటి ఉంది. అది కొడితే గడువు మళ్ళీ 30 రోజులకి వస్తుంది. ఇలా మూడుసార్లు చేయొచ్చు. అంటే మొత్తం 120 రోజులు. విండోస్ 7 పాతబడిపోయింది గానీ ప్రశ్న పాతబడలేదు. ఇలా పొడిగించుకోవడం స్తేయమా, కాదా?

"తయారుచేసినవాళ్ళే పెట్టారు కదా, తప్పేంటి?" అంటారు. నిజమే. కానీ అది ఎందుకు పెట్టారో చూడాలి. ఆఫీసుల్లో ఒకే సెటప్‌ని చాలా కంప్యూటర్లలోకి కాపీ చేస్తారు. మెషీన్ వాడేవాళ్ళ చేతికి వెళ్ళేలోపే గడువు అయిపోకూడదని ఇచ్చిన సదుపాయం అది. పాలవాడి కోసం తీసి ఉంచిన పెరటి గేటు లాంటిది. అందులోంచి వెళ్ళగలం. వెళ్ళిన ప్రతివాడూ దొంగ కాడు. ఎందుకు వెళ్తున్నాడన్నదే అసలు సంగతి.

ట్రయల్ ఇచ్చేది చూసి నిర్ణయించుకోమని. 30 రోజుల్లో తేలక ఇంకో నెల తీసుకుంటే, ఇచ్చినవాడి ఉద్దేశంలోనే ఉన్నాం. "కొనేది లేదు, వాడుకుంటూనే ఉంటా" అని మొదటిరోజే అనుకుంటే, కమాండ్ కొట్టకముందే మనసులో స్తేయం మొదలైంది. ఇక డేట్ వెనక్కి తిప్పడం, క్రాక్ వేయడం సంగతి చెప్పక్కర్లేదు. అక్కడ అస్తేయంతో పాటు సత్యం కూడా పోతుంది.

"అంత పెద్ద కంపెనీకి నా ఒక్కడి వల్ల నష్టమా?" నష్టం లేకపోవచ్చు. కానీ యమం అనేది అవతలివాడి ఖాతా చూసి పాటించేది కాదు, మన మనసు కోసం పాటించేది. మరి డబ్బుల్లేని స్టూడెంట్ ఏం చేయాలి? ఉబుంటు, డెబియన్ లాంటివి ఉచితం. వాడుకోండి, కాపీ చేసుకోండి, పదిమందికీ ఇవ్వండి అని తయారుచేసినవాళ్ళే అనుమతిచ్చారు. విండోస్ తప్పనిసరైన పని ఉంటే కాలేజీ ల్యాబ్ ఉంది, స్టూడెంట్ లైసెన్స్ ఏమైనా ఉందేమో అడగొచ్చు. అడగడానికి నామోషీ పడి దొంగిలించడం కంటే అడగడమే గౌరవం.

మహాభారతంలో యయాతి కొడుకు పూరుడి యవ్వనం తీసుకుని వెయ్యేళ్ళు భోగాలు అనుభవించాడు. అయినా కోరిక తీరలేదు. గడువు పెరిగితే తృప్తి రాదని అప్పుడు తెలిసింది. కానీ ఆయన ఒక మంచిపని చేశాడండి, తీసుకున్నది తిరిగి ఇచ్చేశాడు.

కాబట్టి ఈసారి గడువు పొడిగించే ముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం: ఇది నిర్ణయం కోసమా, నిర్ణయం తప్పించుకోవడం కోసమా?