నాచును చదివిన వైద్యుడు

కరోల్ బాగ్,
ఢిల్లీ.



నాయనా, పగలంతయు కొట్టులో లెక్కలు చూచుటతోనే సరిపోవుచున్నదనియు, ఇక వృక్షశాస్త్రమును కట్టిపెట్టుటయే మేలనియు నీవు వ్రాసిన ఉత్తరము చదివి నా మనస్సు చివుక్కుమన్నది. కట్టిపెట్టుటకు ముందు యోహానెస్ హెడ్విగ్ అను జర్మన్ వైద్యుని చరిత్రము ఒక్కమారు ఆలకింపుము. కాలేజీ రికార్డు పుస్తకములో ఫ్యునేరియా హైగ్రోమెట్రికా అను నాచు పేరు వెనుక ‘హెడ్వ్.’ అని నీవు వ్రాసినది ఆయన పేరే.

1730లో ట్రాన్సిల్వేనియాలోని క్రోన్‌స్టాట్‌లో పుట్టి, లైప్‌జిగ్‌లో వైద్యము చదివి, ఆ పట్టము స్వదేశమున చెల్లదనగా కెమ్నిట్జ్ పట్టణమున వృత్తి పెట్టుకొని, రోగులు రాకమునుపే తెల్లవారుజామున పొలముల వెంట తిరిగి నాచులు ఏరి తెచ్చి, పొద్దుగూకిన పిమ్మట వానిని సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించుచు ఇంచుమించు ఇరువది ఏండ్లు గడిపిన మనుష్యుడాయన. నలువది దాటిన తరువాత బొమ్మలు గీయుట నేర్చెను. తన కన్ను చూచినదానిని పరుల చేతికి అప్పగించుటకు మనసొప్పలేదు కాబోలు.

నాచు కాడ కొనయందలి గుళిక పుప్పొడి తిత్తియని వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ అంతటివాడు చెప్పియుండెను. హెడ్విగ్ ఆ మాటను ఔననుటకును, కాదనుటకును తొందరపడలేదు. ఆకుల నడుమ దాగిన పురుషావయవములను, స్త్రీ అవయవములను వేరువేరుగా కనిపెట్టి, గుళికలోని పొడిని విత్తి మొలిపించి, అది పుప్పొడి కాదని నిరూపించెను. 1783లో సెయింట్ పీటర్స్‌బర్గ్ విద్వత్పరిషత్తు ఆయనకు బహుమాన మొసగెను. లైప్‌జిగ్‌లో వృక్షశాస్త్రాచార్యపదవి 1789లోగాని లభింపలేదు, అప్పటికాయనకు ఏబదియెనిమిదేండ్లు. 1799లో కాలధర్మము నొందగా, ఆయన ప్రధానగ్రంథమును వృక్షశాస్త్రజ్ఞుడు శ్వాగ్రిషెన్ 1801లో ప్రకటించెను. పూలమొక్కల శాస్త్రీయ నామములకు లిన్నేయస్ 1753 నాటి గ్రంథము మొదలైనట్లే, స్ఫాగ్నమ్ కుటుంబము తప్ప తక్కిన నాచుల నామములకు నేటికిని ఆ 1801 గ్రంథమే మొదలు.

కొట్టు తలుపులు తీయుటకు ముందటి రెండు గంటలు నీవే కదా! వాని నెవ్వరును లాగుకొనలేదు. నాచుకై దూరము పోనక్కరలేదు. మా మేడమీది పిట్టగోడ పగుళ్లలోని నాచు వేసవిలో మసి వలె నల్లబడి యుండును; దోసెడు నీళ్లు చల్లినంతనే ముడుచుకొన్న ఆకులు విచ్చుకొని పచ్చబడును. గంటల తరబడి చూచినను తనివి తీరదు.

వానలు పడగానే మీ బావి ఒరమీది నాచును కొంచెము తీసి, ఆరబెట్టి, కాగితపు పొట్లమున మడిచి, పైన ఊరు, తేదీ, రాతిమీదిదో చెట్టుబెరడుదో వ్రాసి, నీవు గీసిన బొమ్మను జతచేసి నాకు పంపుము. బొమ్మ వంకరపోయినను సరే, నీ చేతిదే కావలెను. పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ గ్రంథాలయము నాకు దగ్గరే. ఏ పుస్తకము కావలెనో వ్రాసినచో చూచి వివరములు పంపెదను.

అక్కను అడిగినట్లు చెప్పుము.

ఇట్లు,
మేనమామ