మల్ల పాడుత

1989లో ఇలినాయ్ రాష్ట్రంలోని బెల్‌విల్ కుర్రాళ్లు ముగ్గురు పది పాటలు రికార్డు చేశారు. బ్యాండ్ పేరు అంకుల్ టుపెలో. వాటిలో చాలావరకు 1990లో ‘నో డిప్రెషన్’ ఆల్బమ్ కోసం మళ్లీ పాడారు. కంట్రీ పాటకీ పంక్ రాక్‌కీ పొత్తు కుదిర్చిన ఆల్బమ్ అది. దాని పేరే తర్వాత ఆల్ట్-కంట్రీ ధోరణికి ఇంకో పేరైంది. 2014లో ఆ ఆల్బమ్ కొత్త ఎడిషన్‌లో పాత డెమో క్యాసెట్టూ చేరింది.

నాకు ఆల్బమ్ కన్నా ఆ డెమోలే ఇష్టం. పచ్చిగా ఉంటాయి, అందుకే నిజంగా ఉంటాయి అని స్నేహితులతో వాదించేవాణ్ని.

బీర్పూర్‌లో మా ఇంట్లో దొరికిన ఒక క్యాసెట్ దగ్గర ఆ వాదన తడబడింది. తొంభైల్లో చిన్నబాపు దుబాయ్ నుంచి తెచ్చిన టేప్‌రికార్డర్‌లో మా బాపమ్మ నాట్ల పాటలు పాడింది. నాలుగో పాట మధ్యలో దగ్గొచ్చి ఆగింది. “బంజెయ్యిరా. గొంతు మంచిగ లేదు. మల్ల పాడుత” అంది. ఆ మాటా టేపులోనే ఉంది. మళ్లీ పాడకుండానే పోయింది.

ఒక స్నేహితుడు విని, “యూట్యూబ్‌లో పెట్టు, ఆ దగ్గే అందం” అన్నాడు. నా వాదన నాకే అప్పజెప్పాడు.

డెమో అంటేనే తర్వాత ఇంకోటి వస్తుందన్న నమ్మకం. బెల్‌విల్ కుర్రాళ్లకు ఆ ‘తర్వాత’ దొరికింది. వాళ్ల పచ్చి గొంతు మనకు ముద్దుగా ఉండేది పండిన గొంతు కూడా విన్నాం కాబట్టి. బాపమ్మకు ఉన్నది ఈ ఒక్కటే. మనం అందం అనుకునే దగ్గు ఆమెకు తప్పు. దిద్దుకుంటానని నోరు తెరిచి చెప్పింది కూడా.

కానీ దాచిపెడితే పాటలే పోతాయి కదా? ఇప్పుడు మా దగ్గర నాట్లకు బిహార్ కూలీలు వస్తున్నారు. ఆ పాటలు బాపమ్మ కట్టినవి కావు, మునుం పట్టిన ఆడవాళ్లందరివీ. ఆలోచించగా నాకు తట్టింది ఇంతే: పాట అందరిదీ, గొంతు మాత్రం ఆమెది.

అందుకే టేపు తీసుకెళ్లి మేనత్తకు వినిపించాను. బాపమ్మ పక్కన నాటేసిన మనిషి. వింటూ ఏడ్చింది. తర్వాత తనే పాట అందుకుంది. ఫోన్‌లో రికార్డు చేశాను. రెండో చరణంలో మాట తప్పింది.

“ఇది తీసెయ్యి బిడ్డా, మల్ల పాడుత.”

ఆ తప్పిన చోటే నాకు అన్నిటికన్నా నచ్చింది. డిలీట్ మీద వేలు కాసేపు ఆగింది. తీసేశాను. అత్త గొంతు సవరించుకుంది.